పచ్చబడిన గోల్డ్‌ఫిష్ ట్యాంకు, 9 వాట్ల యూవీ: ఒక కేస్ స్టడీ

ఈ కేసు హైదరాబాద్‌లో ఒక అపార్ట్‌మెంట్ హాల్లో ఉన్న నాలుగడుగుల గోల్డ్‌ఫిష్ ట్యాంకుది. యూవీ స్టెరిలైజర్ (నీళ్లను అతినీలలోహిత బల్బు ముందు నుంచి పంపి నాచును చంపే పరికరం) పెట్టిన కొత్తలో నీళ్లు తేటగా ఉండేవి. ఎనిమిది నెలలు గడిచేసరికి లేత పచ్చదనం మొదలైంది. ఏడాదిన్నరకు నీళ్లు ఎంత చిక్కగా పచ్చబడ్డాయంటే, ముందు అద్దం నుంచి 15 సెంటీమీటర్లు లోపలికి వెళ్లిన చేప కంటికి ఆనేది కాదు. యూవీ మాత్రం రోజూ నీలంగా వెలుగుతూనే ఉంది. వెలుగుతోంది కాబట్టి పనిచేస్తోందని, పనిచేస్తున్నా నీళ్లు పచ్చగా ఉన్నాయి కాబట్టి 9 వాట్లు చాలడం లేదని ఇంటివాళ్లు లెక్కేసుకుని 36 వాట్లది కొనడానికి సిద్ధమయ్యారు. కొనాల్సిన పని పడలేదు. ఆ 9 వాట్ల యూనిట్‌తోనే ఐదు రోజుల్లో నీళ్లు తేటపడ్డాయి.

ట్యాంకు వివరాలు

కొలతలు 48 × 18 × 18 అంగుళాలు. అంచుదాకా నింపితే సుమారు 255 లీటర్లు పడుతుంది. గులకరాళ్లు, పైన వదిలిన ఖాళీ తీసేస్తే నిజంగా ఉన్న నీరు 220 లీటర్లు. లోపల ఒరండా రకం గోల్డ్‌ఫిష్‌లు ఆరు, ఒక్కొక్కటి పిడికెడు సైజు. తూర్పు బాల్కనీ తలుపుకు ఎదురుగా పెట్టడం వల్ల ఉదయం రెండు గంటలు ఎండ నేరుగా పడుతుంది. ఎల్ఈడీ లైటు రోజుకు 10 గంటలు. మేత రోజుకు మూడుసార్లు.

నీళ్లు బోరువి. టీడీఎస్ (కరిగిన లవణాల మొత్తం) 780, కఠినత 400 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర, పీహెచ్ 8.0. కుళాయి దగ్గరే నైట్రేట్ 45 పీపీఎం ఉంది. ట్యాంకులో పరీక్షిస్తే కిట్ రంగు 100 గీత దాటిపోయింది.

యూవీ కంటే ముందు ఇంటివాళ్లు రెండు ప్రయత్నాలు చేశారు. మూడు రోజులకోసారి సగం నీళ్లు మార్చారు, మార్చిన కొద్దీ ఇంకా పచ్చబడింది. కొత్త నీళ్లతో పాటు మళ్లీ నైట్రేట్ వస్తోంది, సగం నాచు పోయేసరికి మిగతా సగానికి వెలుతురు బాగా అందుతోంది. తర్వాత దుప్పటి కప్పి నాలుగు రోజులు చీకట్లో ఉంచారు. కొంత తేటపడింది, పది రోజులకు మళ్లీ మొదటికొచ్చింది. చచ్చిన నాచు కుళ్లి మిగిల్చిన పోషకాలే కొత్త నాచుకు ఎరువయ్యాయి.

పచ్చదనం దేనిది?

యూవీ మీద చెయ్యి వేయకముందే చేయాల్సిన పరీక్ష ఇది. గాజు గ్లాసులో ట్యాంకు నీళ్లు ముంచి, వెనక తెల్ల కాగితం పెట్టి పగటి వెలుతురులో చూడాలి. పచ్చగా ఉంటే నీళ్లలో తేలే ఏకకణ నాచు. తెల్లటి మసక అయితే బ్యాక్టీరియా. డికాషన్ రంగులో ఉంటే చెక్క, ఆకుల నుంచి దిగిన టానిన్. దాన్ని యూవీ తీయదు, పైగా ఆ రంగే యూవీని మింగేస్తుంది, కాబట్టి ముందు యాక్టివేటెడ్ కార్బన్ పెట్టాలి. అదే గ్లాసును రాత్రంతా కదపకుండా ఉంచితే మట్టి, మేత ధూళి అడుక్కి దిగుతాయి. నాచు దిగదు. ఇక్కడ తెల్లారాక కూడా గ్లాసు పైనుంచి కిందిదాకా ఒకే పచ్చదనం. అంటే యూవీ తీయగలిగిన సమస్యే.

అద్దాలకు, రాళ్లకు అంటుకున్న నాచు వేరు. అది యూవీ గొట్టంలోకి రాదు, అందుకే యూవీకి చావదు. దారాల నాచు పోవాలని యూవీ కొనేవాళ్లు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, ఆ డబ్బు వృథా.

యూనిట్ విప్పితే తేలింది

ప్లగ్గు పీకి, నీళ్లు వంచేసి యూనిట్ విప్పితే మూడు తప్పులు బయటపడ్డాయి.

అన్నిటికంటే పెద్దది క్వార్ట్జ్ గొట్టం. బల్బుకీ నీళ్లకీ మధ్య ఉండే ఈ గాజు తొడుగు మామూలు గాజు కాదు. నాచును చంపే 254 నానోమీటర్ల కిరణం, అంటే యూవీ-సీ, మామూలు గాజు గుండా దాటదు, క్వార్ట్జ్ గుండా దాటుతుంది. గట్టి నీళ్లలో బల్బు వేడికి గొట్టం మీదే సున్నం పేరుకుంటుంది, దాని మీద జిగురు పొర కడుతుంది. ఇక్కడ గొట్టమంతా బూడిదరంగు పెచ్చు, గోటితో గీకితే పొడి రాలింది. ఆ పెచ్చులోంచి నీలం వెలుతురు కొంత బయటికి వస్తుంది. యూవీ దాదాపు అక్కడే ఆగిపోతుంది.

రెండోది బల్బు వయసు. ఏడాదిన్నర, 24 గంటలూ. అంటే 13,000 గంటలు. మంచి కంపెనీ 9 వాట్ల బల్బుకు చెప్పే ఆయుష్షు 9,000 గంటల లోపే. నాసిరకం వాటికి ఇంకా తక్కువ. ఆయుష్షు తీరినంత మాత్రాన బల్బు ఆరిపోదు, మామూలుగానే వెలుగుతుంది. పడిపోయేది కంటికి కనిపించని యూవీ. కనిపించే నీలం వెలుతురు లోపలున్న పాదరసపు ఆవిరి నుంచి వచ్చే ఉప ఉత్పత్తి మాత్రమే. దాన్ని చూసి బల్బు బాగుందనుకోవడమే ఈ ఇంట్లో జరిగింది, చాలా ఇళ్లలో జరిగేదీ అదే.

మూడోది నీళ్ల దారి. యూవీకి నీళ్లు తోడే పంపు, యూవీ నుంచి తిరిగొచ్చే పైపు రెండూ ట్యాంకులో కుడి మూలనే ఉన్నాయి. శుభ్రమైన నీళ్లే మళ్లీ పంపులోకి వెళుతున్నాయి. ఎడమ సగం నీళ్లు యూవీ దాకా రావడం తక్కువ. పైగా పంపు ముందు స్పాంజ్ లేదు, ముక్కలు ముక్కలుగా చెత్త యూవీ గదిలో కూర్చుంది. చెత్త నీడలో దాక్కున్న కణానికి యూవీ తగలదు.

వేగం, మోతాదు లెక్క

పంపు పెట్టె మీద గంటకు 2,500 లీటర్లని రాసి ఉంది. నిజంగా ఎంత వస్తోందో బకెట్‌తో కొలవాలి. యూవీ నుంచి వచ్చే పైపు కింద 10 లీటర్ల బకెట్ పెడితే 18 సెకన్లలో నిండింది. 10 లీటర్లను 18తో భాగించి 3,600తో గుణిస్తే గంటకు 2,000 లీటర్లు.

ఈ యూనిట్ బయటి గొట్టం లోపలి వ్యాసం 63 మిల్లీమీటర్లు, క్వార్ట్జ్ బయటి వ్యాసం 40, బల్బు వెలిగే పొడవు 12 సెంటీమీటర్లు. మధ్యలో నిలిచే నీరు సుమారు 220 మిల్లీలీటర్లు. గంటకు 2,000 లీటర్ల వేగంలో ఒక్కో నీటిబొట్టు బల్బు ముందు ఉండేది 0.4 సెకను. గంటకు 600 లీటర్లైతే 1.3 సెకన్లు.

9 వాట్ల బల్బు నుంచి యూవీ-సీగా వచ్చేది రెండుంపావు, రెండున్నర వాట్ల మధ్య. దాన్ని గొట్టం మధ్య వైశాల్యానికి పంచితే చదరపు సెంటీమీటరుకు దాదాపు 12 మిల్లీవాట్లు. నీళ్ల రంగు, బల్బు వాడకంలో తరుగు, గాజులో నష్టం కలిపి సగం తీసేసి 6 అనుకుంటే, 0.4 సెకనులో అందేది చదరపు సెంటీమీటరుకు 2.4 మిల్లీజూల్స్. 1.3 సెకన్లలో 8 మిల్లీజూల్స్. ఇది చేతి లెక్కే, ప్రయోగశాల కొలత కాదు. నిర్ణయం తీసుకోవడానికి మాత్రం ఇది సరిపోతుంది. క్లోరెల్లా లాంటి ఏకకణ నాచులో 99 శాతం చావడానికి పట్టికలు చెప్పే మోతాదు సుమారు 22 మిల్లీజూల్స్.

8 కూడా 22 కంటే తక్కువే కదా అని ఆగిపోనక్కర్లేదు. 220 లీటర్ల ట్యాంకు గంటకు 600 చొప్పున తిరిగితే 22 నిమిషాలకో చుట్టు, రోజుకు 65 చుట్లు. నీళ్లు బాగా కలుస్తుంటే ఒక చుట్టులో 63 శాతం నీరు కనీసం ఒకసారి యూవీ గుండా వెళుతుంది, మూడు చుట్లకు 95 శాతం. నాచు రోజుకొకసారి రెట్టింపైనా ఈ వేగాన్ని అందుకోలేదు.

ఆ మాటకొస్తే 2,000 లీటర్ల వేగంలో కూడా రోజు మొత్తం మీద అందే మోతాదు దాదాపు అంతే. తక్కువ సేపు తగిలినా ఎక్కువసార్లు తగులుతుంది. అందుకే ఈ ట్యాంకులో వేగాన్ని మొదటి ముద్దాయిగా నిలబెట్టలేం. అసలు కారణం పెచ్చు, ముసలి బల్బు, దారి తప్పిన నీళ్లు. అయినా వేగం తగ్గించడానికి ఒక కారణం ఉంది. అరకొర మోతాదు తిన్న కణం ట్యాంకులోకి తిరిగొచ్చి, అక్కడి వెలుతురులో నీలి కాంతిని వాడుకుని తన డీఎన్ఏను కొంతమేర బాగు చేసుకోగలదు. ఒక్కసారికి తగిలే దెబ్బ గట్టిదైతే ఆ అవకాశం తగ్గుతుంది.

చేసిన పని

క్వార్ట్జ్ గొట్టానికి వంటింటి నిమ్మ ఉప్పు చాలు. లీటరు గోరువెచ్చటి నీళ్లలో 30 గ్రాములు, అంటే రెండు పెద్ద చెంచాలు కలిపి గొట్టాన్ని గంటసేపు ముంచాం. తర్వాత మెత్తటి కాటన్ గుడ్డతో తుడిస్తే పెచ్చు పొరలుగా ఊడింది. మొండిగా మిగిలిన చోట్ల రెండోసారి నానబెట్టాలే కానీ స్టీలు పీచు వాడకూడదు. గీతలు పడితే అక్కడే మళ్లీ సున్నం పట్టుకుంటుంది. వెనిగర్‌తోనూ పోతుంది, కాకపోతే ఎక్కువ సేపు పడుతుంది.

కొత్త బల్బు రెండు పిన్నుల జీ23 రకం, 9 వాట్లు. కొనేటప్పుడు చూడాల్సింది గాజు. నిజమైన క్రిమిసంహారక బల్బు గాజు నీళ్లలా పారదర్శకంగా ఉంటుంది, లోపలి తీగలు కనిపిస్తాయి. తెల్లపూత, నీలిపూత ఉన్నవి అలంకారానికే. 395 నానోమీటర్లని రాసి ఉన్న ఎల్ఈడీ యూవీలు కూడా ఈ పనికి రావు, డీఎన్ఏను దెబ్బతీసే తరంగదైర్ఘ్యం 254 చుట్టుపక్కలది. బల్బును చేత్తో ముట్టుకుంటే వేలిముద్రల నూనె గాజు మీద మాడి మరకవుతుంది. సర్జికల్ స్పిరిట్‌తో తుడిచి బిగించాలి.

నీళ్లు కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగుకు సిలికాన్ గ్రీజు పల్చగా రాశాం. వాజలీన్ రాస్తే కొన్ని రకాల రబ్బరు ఉబ్బి, నెలల్లో కారడం మొదలవుతుంది. బిగించాక కరెంటు ఇవ్వకుండా పంపుతో మాత్రమే నీళ్లు పారించి మూడు గంటలు వదిలేయాలి. బల్బు ఉండే వైపు ఒక్క చుక్క తడి కనిపించినా మళ్లీ విప్పాల్సిందే.

పంపును ఎడమ మూలకు మార్చి, పైన ముతక స్పాంజ్ తొడిగాం. పంపు తర్వాత టీ జాయింటు, బాల్ వాల్వు. గంటకు 600 లీటర్లు యూవీలోకి, మిగతాది నేరుగా ట్యాంకులోకి. బకెట్ 60 సెకన్లకు నిండేదాకా వాల్వు తిప్పడమే. యూవీ నుంచి వచ్చే పైపు కుడి చివరన.

యూవీ వెలిగించేముందు సగం నీళ్లు మార్చాం. చిక్కటి పచ్చ నీళ్లలో బల్బును ఆనుకుని ఉన్న నాచు యూవీని తాగేసి వెనక ఉన్నదాన్ని కాపాడుతుంది. సగం పలుచన చేస్తే బల్బుకు దారి దొరుకుతుంది.

ఐదు రోజులు

మొదటి రోజు పైకి ఏమీ తేడా లేదు. రెండో రోజు సాయంత్రానికి పచ్చ తగ్గి నీళ్లు బూడిదరంగు మసకలోకి మారాయి. ఇక్కడే చాలామంది యూవీ చెడగొట్టిందని ఆపేస్తారు. ఆ మసక చచ్చిన నాచే. ఫిల్టర్‌లో పాలిస్టర్ దూది పొర వేస్తే ఆరేడు గంటలకే మూసుకుపోయింది. రెండు, మూడు రోజుల్లో రోజుకు రెండుసార్లు దూది మార్చాల్సి వచ్చింది.

మూడో రోజు ఉదయం అమ్మోనియా 0.5 పీపీఎం చూపించింది. ఈ మొత్తం కేసులో చేపలకు నిజంగా ప్రమాదం ఉన్న ఘడియ ఇదే. పీహెచ్ 8.0, నీళ్లు 29 డిగ్రీలు ఉంటే మొత్తం అమ్మోనియాలో సుమారు 7 శాతం విషపు రూపంలో ఉంటుంది. అంటే 0.035 పీపీఎం. మొప్పలు దెబ్బతినడానికి 0.02 దాటితే భయపడాలి. వెంటనే 30 శాతం నీళ్లు మార్చి, మేత పూర్తిగా ఆపి, రెండో ఎయిర్ స్టోన్ పెట్టాం. కుళ్లే నాచు ఆక్సిజన్‌ను తినేస్తుంది, రాత్రి ఆ లోటు ఎక్కువ. అమ్మోనియా టెస్ట్ కిట్, అదనపు ఎయిర్ పంపు చేతిలో లేకుండా చిక్కటి పచ్చ ట్యాంకుకు యూవీ వేయడం మంచిది కాదు.

నాలుగో రోజు అమ్మోనియా 0.25కు, ఐదో రోజు సున్నాకు వచ్చింది. ఎడమ అద్దానికి అంటించిన అచ్చు కాగితం మీది అక్షరాలు ఐదో రోజు కుడి చివర నుంచి, 120 సెంటీమీటర్ల నీళ్లలోంచి చదవగలిగేంత తేటపడ్డాయి.

పోషకాలు

యూవీ నాచును చంపింది, నాచు ఎందుకు పెరిగిందో ఆ కారణాన్ని ముట్టుకోలేదు. నైట్రేట్ తగ్గలేదు, నాచు తాగడం ఆగింది కాబట్టి నిజానికి కాస్త పెరిగింది కూడా. బాల్కనీ తలుపుకు మందపాటి కర్టెన్ వేయించి, లైటును 6 గంటలకు, మేతను రోజుకు ఒక్కసారికి తగ్గించాం. నీళ్లు మార్చేటప్పుడు సగం బోరు, సగం ఆర్వో. పూర్తి ఆర్వో వద్దు. గోల్డ్‌ఫిష్‌కు గట్టి నీళ్లే నయం, కఠినత 200 దగ్గర ఉంటే పీహెచ్ కూడా నిలకడగా ఉంటుంది. మనీ ప్లాంట్ తీగలు నాలుగు, వేళ్లు మాత్రం ఫిల్టర్ డబ్బాలో మునిగేలా పెట్టాం. నెల తిరిగేసరికి నైట్రేట్ 40కి దిగింది.

తెల్లమచ్చల జబ్బుకు ఇది మందా?

ఇంటివాళ్ల రెండో ప్రశ్న ఇది. ఈ జబ్బు తెచ్చే ఇక్ క్రిమి చేప చర్మం లోపల ఉన్నప్పుడు, రాళ్ల మీద తిత్తి కట్టుకున్నప్పుడు యూవీకి దొరకదు. తిత్తి పగిలి నీళ్లలో ఈదే పిల్ల దశ ఒక్కటే దొరుకుతుంది. దాన్ని చంపడానికి పట్టికల్లో చెప్పే మోతాదు 100 మిల్లీజూల్స్ దాకా ఉంది. పై లెక్క ప్రకారం ఈ యూనిట్ అంత మోతాదు ఇవ్వాలంటే నీళ్లు 17 సెకన్లు నిలవాలి, అంటే గంటకు 47 లీటర్లు. అప్పుడు ఒక్క చుట్టుకే నాలుగున్నర గంటలు దాటుతుంది. ఈలోపు ఈదే పిల్లల్లో చాలావరకు పక్కనే ఉన్న చేపను పట్టుకుంటాయి. 9 వాట్లతో ఇక్ తగ్గుతుందని ఎవరైనా అమ్మితే నమ్మొద్దు. గోల్డ్‌ఫిష్‌కు లీటరుకు 3 గ్రాముల రాతి ఉప్పు, కొత్త చేపకు నాలుగు వారాల క్వారంటైన్, ఇవే దారి.

మందు వేస్తే యూవీ ఆపాలి. మెథిలీన్ బ్లూ, మాలకైట్ గ్రీన్ యూవీకి విరిగిపోతాయి, వాటి రంగు యూవీని అడ్డుకుంటుంది కూడా. మొక్కల ట్యాంకుల్లో వేసే ఇనుము ఎరువు చీలేటెడ్ ఐరన్ కూడా యూవీకి విరిగిపోతుంది. ఫిల్టర్‌లోని మంచి బ్యాక్టీరియాకు మాత్రం భయం లేదు, అది రాళ్లకు, స్పాంజ్‌కు అంటుకుని ఉంటుంది. సీసాలో బ్యాక్టీరియా పోసినప్పుడు మాత్రం రెండు రోజులు ఆపితే మంచిది.

కరెంటు, కళ్లు

యూవీ-సీ కంటికి తగిలితే నొప్పి అప్పుడే తెలియదు. కొన్ని గంటల తర్వాత కళ్లలో ఇసుక పోసినట్టు మంట మొదలవుతుంది. బల్బు వెలుగుతోందో లేదో మూత తీసి చూడకూడదు, పైపు కలిసే చోటి పలుచటి ప్లాస్టిక్‌లోంచి కనిపించే నీలం మెరుపు చాలు. ట్యాంకులో ముంచే రకం కొంటే బల్బు చుట్టూ నల్ల తొడుగు పూర్తిగా ఉందో లేదో చూడాలి. సందుల్లోంచి వెలుతురు చిమ్మితే చేపల కళ్లు దెబ్బతినొచ్చు. కొంతకాలానికి యూవీ తగిలిన చోటల్లా ప్లాస్టిక్ పెళుసుబారుతుంది. బల్బు మార్చిన ప్రతిసారీ తొడుగును వేలితో నొక్కి చూడాలి, చిట్లిన చప్పుడొస్తే యూనిట్ మార్చాల్సిందే.

ఈ ఇంట్లో ప్లగ్గు పాయింటుకు ఎర్త్ లేదు. ముందు అది వేయించి, 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) పెట్టించాకే పని మొదలైంది. వైరు ప్లగ్గుకు ఎక్కేముందు కిందికి ఒక వంపు తిరిగితే, కారిన నీరు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది. పంపు, యూవీ రెండూ ఒకే బోర్డు మీద ఉండాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ మీద యూవీ ఒక్కటే నడిస్తే, కదలని నీళ్లు వేడెక్కి యూనిట్ దెబ్బతినే ప్రమాదం ఉంది. నీళ్లు మార్చేటప్పుడు కూడా మొదట యూవీ ఆపాలి, చివర్లో వేయాలి.

ఆ తర్వాత

మొదటి రెండు వారాలు యూవీ 24 గంటలూ నడిచింది. తర్వాత టైమర్‌తో రాత్రి 9 నుంచి ఉదయం 7 వరకు మాత్రమే. వెలుతురు లేని వేళ నాచు తనను తాను బాగు చేసుకోలేదు కాబట్టి రాత్రి నడపడమే మేలు. మాటిమాటికీ ఆన్ ఆఫ్ చేస్తే బల్బు త్వరగా పోతుంది, రోజుకు ఒక్కసారి వెలిగించడం వల్ల నష్టం లేదు. కరెంటు ఖర్చు 24 గంటలైతే నెలకు ఆరున్నర యూనిట్లు, పది గంటలైతే మూడు లోపే.

మే నెలలో మళ్లీ లేత పచ్చదనం కనిపించింది. ఇంటివాళ్లు సెలవులకు ఊరెళ్లి ఏడు వారాలు గొట్టం తుడవలేదు, బోరు నీళ్ల కఠినత ఎండాకాలంలో ఇంకా పెరిగింది. విప్పితే క్వార్ట్జ్ మీద పలుచటి తెల్ల పొర. ఇంకేదీ మార్చకుండా గొట్టం ఒక్కటే నిమ్మ ఉప్పుతో కడిగితే రెండు రోజుల్లో పచ్చ పోయింది. ఈ నీళ్లకు నాలుగు వారాలే గడువు, ఎండాకాలంలో మూడు. నది నీళ్లు వచ్చే ఇళ్లలో రెండు నెలల దాకా ఆగొచ్చు.

బల్బు అడుగున మార్కర్‌తో వేసిన తేదీ రాసి ఉంది. రాత్రి పది గంటల చొప్పున 9,000 గంటలంటే రెండున్నరేళ్ల లెక్క వస్తుంది కానీ రెండేళ్లకే మార్చమని చెప్పాం. తీసేసిన పాత బల్బులో పాదరసం ఉంటుంది, చెత్తబుట్టలో వేయకుండా ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వాలి. పొరపాటున పగిలితే కిటికీలు తెరిచి, పిల్లల్ని బయటికి పంపి, పావుగంట ఆగాక ముక్కల్ని గట్టి అట్టముక్కతో ఎత్తి సీసాలో వేసి మూత బిగించాలి. చీపురు, వాక్యూమ్ క్లీనర్ వాడకూడదు.